మయోర్కా: రమ్మన్నవాళ్లూ, వద్దన్నవాళ్లూ

జర్మనీలో మయోర్కాని పదిహేడో రాష్ట్రం అంటుంటారు. ఇక్కడున్న రాష్ట్రాలు పదహారే. స్పెయిన్‌కి చెందిన ఆ మధ్యధరా దీవికి ఇక్కడి జనం ఏటా అంతగా వెళ్తారు. స్టుట్‌గార్ట్‌లో మా ఆఫీసులో వేసవి సెలవుల మాటెత్తితే ఆ పేరు రాకుండా ఉండదు. దీవి జనాభా పది లక్షలు కూడా నిండదు. పాల్మా విమానాశ్రయంలో మాత్రం 2024లో 3 కోట్ల 30 లక్షల మంది ప్రయాణికులు లెక్కకొచ్చారు.

అక్క రాజమండ్రి నుంచి నా దగ్గరికి వచ్చింది. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. మంచి సముద్రం ఒకటి చూపించమంటే మయోర్కా అన్నాను.

"అక్కడివాళ్లు టూరిస్టుల్ని పొమ్మంటున్నారట కదే! టీవీలో చూశాను" అంది.

నిజమే. 2024 జులైలో, మళ్లీ 2025 జూన్‌లో పాల్మా వీధుల్లో వేలమంది ఊరేగింపు తీశారు. 'తక్కువ పర్యాటకం, ఎక్కువ జీవితం' అన్నది వాళ్ల నినాదం, వాళ్ల వేదిక పేరు కూడా. వద్దంటున్న ఇంటికి వెళ్లడమేంటని అక్క సందేహం. వాళ్లు ఎందుకు వద్దంటున్నారో వాళ్ల ఊళ్లోనే వినాలని నాకు. చివరికి వేసవి రద్దీ తగ్గాక, అక్టోబర్‌లో వెళ్లాం. కారు అద్దెకి తీసుకోవద్దని, బస్సు వెళ్లని చోటు మనకీ వద్దని ముందే అనుకున్నాం. బార్సిలోనా దాకా రైల్లో, అక్కడి నుంచి రాత్రి ఓడలో.

అక్టోబర్ 20, సోమవారం: పాల్మా

పొద్దున్నే పాత ఊరి సందుల్లో మనుషుల అలికిడి లేదు. వీధి కడిగే బండి, రొట్టెల బట్టీ వాసన, బాల్కనీలో బట్టలారేసే ఒక పెద్దావిడ. కొన్ని బాల్కనీల నుంచి 'ఎస్ఓఎస్ రెసిడెంట్స్' అని రాసిన గుడ్డలు వేలాడుతున్నాయి. ఒక తలుపు పక్కన గోడకి అంకెల తాళం ఉన్న చిన్న పెట్టె బిగించి ఉంది. అద్దెకొచ్చే టూరిస్టు అంకెలు నొక్కితే తాళంచెవి దొరుకుతుంది. ఇంటివాళ్ల మొహం చూడనక్కర్లేదు. పాల్మాలో ఫ్లాట్లని టూరిస్టులకు అద్దెకివ్వడం 2018లోనే నిషేధించారు. అయినా దొంగచాటుగా సాగుతూనే ఉందని మా గెస్ట్‌హౌస్ ఆవిడ చెప్పింది.

ఆవిడకి అరవై దాటి ఉంటాయి. గది చూపించాక మొదట మాట్లాడింది టూరిస్టు పన్ను గురించే. మనిషికి రాత్రికి 2 యూరోల 20 సెంట్లు. పెద్ద హోటళ్లలో 4 యూరోల 40 సెంట్ల దాకా పోతుంది, నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా నాలుగో వంతే. ఈ డబ్బు పర్యావరణానికి, పాత కట్టడాలకి, ఇంకా కొన్ని పనులకి ఖర్చు పెడతారు. ఒకసారి 2002లో పెట్టి, మరుసటి ఏడాదే హోటళ్ల ఒత్తిడికి ఎత్తేశారట. 2016లో మళ్లీ వచ్చింది. "కట్టేవాళ్లెవరూ దీనివల్ల రావడం మానలేదు" అంది. ఆవిడ కూతురు ఆసుపత్రిలో నర్సు. ఇల్లు దొరక్క తల్లి దగ్గరే ఉంటోంది. జీతమంతా అద్దెకి పోతే తినేదేంటి అని ఆవిడ ప్రశ్న. పాల్మా అంచుల్లో కారవాన్లలో కాపురముంటున్నవాళ్ల గురించి కూడా చెప్పింది. వాళ్లలో చాలామంది ఉద్యోగాలున్నవాళ్లే.

పదకొండయ్యేసరికి ఊరి రూపం మారిపోయింది. లా సేఉ కేథడ్రల్ నుంచి ప్లాసా మజోర్ దాకా కాలు పెట్టే సందు లేదు. జెండా పట్టుకున్న గైడు, వెనక నలభై మంది, వాళ్ల వెనక ఇంకో జెండా. రేవులో పెద్ద ఓడలు ఆగి ఉన్నాయి. 2022 నుంచి రోజుకి మూడు ఓడలకి మించి రాకూడదని, వాటిలో ఐదువేల మందికి పైగా పట్టేది ఒకటే ఉండాలని కంపెనీలతో ఒప్పందం ఉంది. ఆ పరిమితిలో కూడా వీధులు ఇలా ఉన్నాయంటే అంతకుముందు ఎలా ఉండేదో! ఓడలో వచ్చినవాళ్లకి పడక ఓడలోనే, భోజనం ఓడలోనే. ఊరికి మిగిలేది రద్దీ, కొన్ని ఐస్‌క్రీముల బేరం.

జనం తోపులాటకి పక్క సందులోకి తిరిగాం, అక్కడి నుంచి ఇంకో సందు, కేథడ్రల్ ఎటుందో తెలియని చోటికి చేరాం. అదే మేలైంది. చిన్న బేకరీ కనపడింది. ఇక్కడ పేరున్న మిఠాయి ఎన్సైమాదా, మెలికలు చుట్టి పైన పంచదార పొడి చల్లిన రొట్టె. అక్క చేతిలోకి తీసుకోబోయింది. నేను అనుమానంగా అడిగితే కౌంటర్ దగ్గరి అమ్మాయి మొహమాటం లేకుండా చెప్పేసింది: పిండిలో వేసేది పందికొవ్వు, అది లేకపోతే ఎన్సైమాదా కాదు. అక్క గుడ్డు వేసిన కేకు తింటుంది కానీ మాంసం ముట్టదు. ఆ అమ్మాయి వెంటనే ఇంకో పళ్లెం జరిపింది. కోకా దె త్రంపో: పల్చటి రొట్టె మీద టమాటా, పచ్చ క్యాప్సికం, ఉల్లిపాయ తరిగి పరిచి కాల్చింది. ముక్క రెండున్నర యూరోలు. మధ్యాహ్నం భోజనం దాంతోనే కానిచ్చాం.

సాయంత్రం ఊరంతా నూనె వాసన. ఆ రాత్రి కన్యల పండగ. పూర్వం కుర్రాళ్లు అమ్మాయిల కిటికీల కింద నిలబడి పాటలు పాడితే, అమ్మాయిలు బున్యోల్‌లు పెట్టేవారట. బంగాళాదుంప కలిపి పులియబెట్టిన పిండిని తడిచేత్తో తీసి, బొటనవేలితో మధ్యలో చిల్లు పెట్టి, కాగే నూనెలో వదులుతారు. అచ్చం మన గారె వేసినట్టే! అక్క ఆ బండి ముందు నుంచి కదల్లేదు. ఏ నూనె అని అడిగి, పొద్దుతిరుగుడని తెలిశాక అరడజను కొన్నాం, నాలుగు యూరోలు. పంచదారలో దొర్లించి కాగితం పొట్లంలో పోసిచ్చారు. వరసలో మా ముందూ వెనకా అంతా ఊరివాళ్లే, తాతలు, మనవలు. ఓడలవాళ్లు అప్పటికే వెళ్లిపోయారు.

అక్టోబర్ 21, మంగళవారం: కొలోనియా దె సాంత్ జోర్ది, ఎస్ త్రెంక్

పొద్దున బస్సులో మా పక్కన కూర్చున్నావిడ తీరం మీది హోటల్లో గదులు శుభ్రం చేస్తుంది. కొలంబియా నుంచి వచ్చి చాలా ఏళ్లైందట. నా కొద్దిపాటి స్పానిష్‌తోనే మాటలు సాగాయి. రోజుకి ఇరవై గదుల దాకా. మంచాలు ఎత్తి దుప్పట్లు మార్చి మార్చి నడుం పోయిందని చేత్తో చూపించింది. మయోర్కా బలేరిక్ దీవుల్లో ఒకటి; 2022లో ఈ దీవుల్లో వచ్చిన చట్టంలో హోటళ్లు మంచాల్ని పైకి లేచేవిగా మార్చాలన్న నిబంధన ఉంది. వాళ్ల హోటల్లో మార్చారు. ఇప్పుడు కాలితో పెడల్ నొక్కితే మంచం నడుం ఎత్తుకి వస్తుందట. పర్యాటకం గురించి ఎన్నో పెద్ద మాటలు చదివాను కానీ, ఆ పెడల్ అంత సూటిగా మనిషికి పనికొచ్చినది ఇంకేదీ తారసపడలేదు.

నవంబర్ మొదట్లో హోటల్ మూసేస్తారు. ఉద్యోగం పోదు కానీ జీతం ఆగుతుంది. మళ్లీ పిలుపు వసంతంలోనే. ఈలోపు నిరుద్యోగ భృతితో నెట్టుకురావాలి, అద్దె మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి. "మీలాంటివాళ్లు జనవరిలో కూడా రండి. చలి ఏమంత ఉండదు" అంది దిగేముందు. అక్క ఆ మాట అనువదించమని రెండుసార్లు అడిగింది.

కొలోనియా నుంచి తీరం వెంబడే నడిస్తే ఎస్ త్రెంక్. కిలోమీటర్ల పొడవున తెల్లటి ఇసుక, వెనక ఇసుక దిబ్బలు, ఉప్పు మడులు. ఒక్క పెద్ద హోటల్ లేదు. ఇక్కడ కట్టడాలు రాకుండా ఊరివాళ్లు దశాబ్దాలు పోరాడారు. 2017లో దీన్ని సహజ ఉద్యానంగా ప్రకటించారు. పక్కనే, ఊరి మొగలో హోటళ్ల వరస చూశాక ఈ ఖాళీ విలువ తెలిసింది.

నీటి అంచున గోధుమరంగు గడ్డి మేట వేసి ఉంది, మోకాలెత్తు. ఒక జంట ముక్కు మూసుకుని పక్కనుంచి పోయారు. అక్క మాత్రం చెప్పులు విప్పి అందులోకి దిగి కూర్చుంది. ఒక ఆకు తీసి వెలుతురుకి పట్టింది. వేలెడు వెడల్పు కూడా లేని రిబ్బను, దాంట్లో సన్నటి నిలువు ఈనెలు. "ఇది నాచు కాదు. మొక్క. వేరుంటుంది, పువ్వుంటుంది, కాయుంటుంది" అంది. దీని పేరు పొసిడోనియా. ఈ జాతి మధ్యధరాలో తప్ప ఇంకెక్కడా పెరగదు. నీటి అడుగున పచ్చికబయళ్లలా పరుచుకుని, బురదని పట్టి ఉంచి, చేపపిల్లలకి నీడనిస్తుంది. మయోర్కా నీళ్లు అద్దంలా ఉంటాయని పొగుడుతామే, ఆ గొప్పంతా దీనిదే. శరదృతువులో ఆకులు రాలి ఒడ్డుకి కొట్టుకొస్తాయి. ఆ మేట చలికాలం అలల నుంచి ఇసుకని కాపాడుతుంది. వేసవిలో 'బీచ్ మురికిగా ఉంది' అని టూరిస్టులు ఫిర్యాదు చేస్తే దాన్ని ఎత్తేయించేవారు, ఇసుకా దాంతోనే పోయేది. ఈ గడ్డి ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లే పాకుతుంది. ఒక్క లంగరు లాగితే పీకేసినదాన్ని పూడ్చుకోడానికి మనిషి జీవితం చాలదు. అందుకే 2018 నుంచి ఈ దీవుల చుట్టూ పొసిడోనియా మీద లంగరు వేయడం నిషేధం.

అక్క ఇసుకలోంచి ఒక ఉండ తీసింది. నిమ్మకాయంత, పీచుతో చేసిన బంతి. గడ్డి మొదళ్ల పీచు అలల్లో దొర్లి దొర్లి అలా ఉండ కడుతుందట. విప్పితే కొబ్బరిపీచు కంటే సన్నటి పోగులు, లోపల ఇసుక. బళ్లో పిల్లలకి చూపిస్తే ఎంత బావుండేదో అంటూనే, తీసినచోటే పెట్టేసింది.

దూరంగా కబ్రేరా దీవి కనిపిస్తోంది. 1991 నుంచి జాతీయ ఉద్యానం. అక్కడికి అనుమతి ఉన్న పడవలే వెళ్లాలి, వెళ్లినవి లంగరు వేయకుండా నీళ్లలో తేలే బోయాలకే కట్టుకోవాలి. రోజుకి ఇంతమందే అన్న లెక్క ఉంది. ఇక్కడికి దగ్గరే, సాంతాన్యీ వైపు, కాలో దెస్ మోరో అనే బీచ్ ఉంది. రెండు కొండల మధ్య చిటికెడు ఇసుక. ఇన్‌స్టాగ్రామ్‌లో దాని ఫొటో చూడనివాళ్లు లేరు. వేసవిలో రోజుకి నాలుగువేల మంది దాకా, 1,200 కార్లు వచ్చేవని అక్కడి మునిసిపాలిటీ చెప్పింది. 2024 జూన్‌లో ఊరివాళ్లు ఒకరోజు పొద్దున్నే వెళ్లి ఆ ఇసుకంతా తామే నిండి కూర్చున్నారు. ప్రయాణం అనుకున్నప్పుడు నా జాబితాలో ఆ పేరూ ఉంది. కొట్టేశాం. అంతగా పేరులేని చోట్లకి జనాన్ని మళ్లిస్తే రద్దీ సర్దుకుంటుందని దీవుల ప్రభుత్వమే కొన్నాళ్లు ఇన్‌ఫ్లుయెన్సర్ల చేత ప్రచారం చేయించింది. 2025లో ఆ పని మానుకుంది. మళ్లించడం వల్ల ఒరిగేదేమీ లేదని నాకు గట్టిగా అనిపిస్తోంది. కబ్రేరా బతికి ఉన్నది లెక్క పెట్టినందుకే. తూర్పు తీరంలో మానకోర్ దగ్గర 2023లో కొందరు బీచ్‌లలో బోర్డులు పెట్టారు. ఇంగ్లీషులో పెద్దక్షరాలతో 'ప్రమాదకరమైన జెల్లీఫిష్ ఉన్నాయి, జాగ్రత్త'. కింద చిన్నక్షరాలతో, అక్కడి భాష కాటలాన్‌లో, ఆ హెచ్చరిక నిజం కాదని ఊరివాళ్లకి చెప్పారు. అక్కకి ఈ కథ చెబితే నవ్వింది, తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. తమ బీచ్‌కి తాము వెళ్లడానికి అబద్ధం రాయాల్సి వచ్చింది వాళ్లకి.

మధ్యాహ్నం భోజనం రెండు దాటాకే దొరికింది. ఇక్కడ ఒంటిగంటకి వెళ్తే హోటల్‌వాళ్లు జాలిగా చూస్తారు. పా అంబ్ ఓలి తెప్పించుకున్నాం. ఉప్పు వేయని ముదురురంగు రొట్టె, దాని మీద రామల్యెత్ టమాటాని సగానికి కోసి తొక్క మిగిలేదాకా రుద్దడం, పైన ఆలివ్ నూనె ధార, ఉప్పు, జున్ను, చితక్కొట్టిన పచ్చి ఆలివ్‌లు, ఊరేసిన సముద్రపు సోపాకు. ఒక్కొక్కటి తొమ్మిది యూరోలు. కుళాయి నీళ్లు అడిగాను. 2022 చట్టం ప్రకారం స్పెయిన్‌లో హోటళ్లు అవి ఉచితంగా ఇవ్వాలి. సర్వర్ ఒక్క క్షణం ఆగి, కూజాతో తెచ్చాడు. క్లోరిన్ రుచి బాగానే ఉంది. ప్లాస్టిక్ సీసా కొనలేదన్న తృప్తితో తాగేశాం.

అక్టోబర్ 22, బుధవారం: సినేవ్

దీవి నడిమధ్య ఊరు ఇది. పాల్మా నుంచి రైలుంది. దారంతా బాదం తోటలు, కానీ వాటిలో చాలా చెట్లు బూడిదరంగులో ఎండి నిలబడ్డాయి. 2016లో ఇక్కడ జైలెల్లా అనే బాక్టీరియా బయటపడింది. చెట్టు లోపల నీళ్లు పారే దారుల్ని మూసేస్తుంది. ఫిబ్రవరిలో బాదం పూలు చూడ్డానికి జనం విమానాలెక్కి వస్తారు, ఆ తోటలు సాగుచేసే రైతులు మాత్రం తగ్గిపోతున్నారు.

బుధవారం సంత 1306 నుంచి జరుగుతోంది. పై వీధులు చూసి మొదట నిరాశపడ్డాం: తోలు సంచులు, టోపీలు, ఎక్కడైనా దొరికే గాజులు. టూరిస్టు బస్సులు ఆగేది అటే. రైతుల బజారు ఎటని అడిగితే ఒకాయన మాటల్లేకుండా గడ్డంతో కిందికి చూపించాడు. కింద మైదానంలో గొర్రెలు, కోళ్లు, కుందేళ్లు, వాటి చుట్టూ చేతులు వెనక్కి కట్టుకున్న ముసలివాళ్లు. బేరాలు గొణుగుడులోనే అయిపోతున్నాయి. ఇక్కడి మర్యాద ఒకటి గమనించాను. దుకాణం ముందు నిలబడగానే 'బోన్ దియా' అనాలి. అనకుండా సరుకు తాకితే అమ్మేవాళ్లు తల తిప్పేస్తారు. అక్క ఆ రెండు మాటలూ పట్టేసింది. ఎండు ఆప్రికాట్లు అమ్మే ఆవిడ అక్క చీర కొంగు పట్టుకుని చూసి, గుప్పెడు పళ్లు ఊరికే పోసింది.

భోజనానికి తుంబెత్. వంకాయ, బంగాళాదుంప, ఎర్ర క్యాప్సికం విడివిడిగా నూనెలో వేయించి, వరసలుగా పేర్చి, పైన టమాటా గుజ్జు పోస్తారు. పన్నెండు యూరోలు. మా పక్కనుంచి వెళ్తున్న ముక్కూమొహం తెలియనివాళ్లు మేం తింటుంటే ఆగి 'బోన్ ప్రొఫిత్' అని దీవించి పోయారు. సగం దీవిలో పొమ్మన్న రాతలు చూస్తూ తిరుగుతున్నవాళ్లకి ఆ మాట ఎంత హాయిగా ఉంటుందో!

అక్టోబర్ 23, గురువారం: వాల్దెమోసా, దెయా

కొండల బస్సు. కార్డు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ చూపాలి. నగదు ఇచ్చేదాని కంటే బాగా తక్కువ పడుతుంది. స్థానికులకి 2023 నుంచి ఈ బస్సులు ఉచితం. చెప్పుకోడానికి గొప్పగా ఉంది. వాల్దెమోసా స్టాపులో దాని రెండో ముఖం చూశాం. బస్సు నిండి వచ్చింది. ఆరుగురికే చోటని డ్రైవర్ వేళ్లు చూపించాడు. వరసలో ముందున్నది అంతా మాలాంటివాళ్లం, ట్రెక్కింగ్ కర్రలతో. చివర్న బడి సంచితో ఒక పిల్ల, కూరగాయల సంచితో ఒక పెద్దావిడ. ఉచితమైతే ఏం, ఎక్కడానికి చోటుండాలి కదా. అక్క ఆ పెద్దావిడ చేయి పట్టుకుని ముందుకి తీసుకెళ్లి ఎక్కించింది, పిల్లని కూడా. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మేం గంటకి పైగా ఆగాం.

కారు మానేస్తే పని అయిపోయిందనుకోడానికి లేదని అక్కడ అర్థమైంది. నా సీటు ఇంకొకరిది కావచ్చు. ఇబిజా దీవి 2025 వేసవి నుంచి బయటి కార్లకి లెక్క పెట్టింది. మయోర్కాలో కూడా ఆ చర్చ నడుస్తోంది. కార్లు తగ్గించి బస్సులు పెంచకపోతే ఈ స్టాపుల్లో మిగిలిపోయేది ఊరివాళ్లే.

అక్టోబర్ 24, శుక్రవారం: దెయా నుంచి సోయెర్, కాలినడకన

త్రముంతానా కొండల్ని యునెస్కో 2011లో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. అందుకు కారణం కొండలొక్కటే కాదు, వాటి మీద మనిషి కట్టిన మెట్ల పొలాలు. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు, ఒక్కో మెట్టు మీద మెలితిరిగిన ఆలివ్ చెట్లు. మధ్యలో తోటల గేట్లు. తీసినవాళ్లు మళ్లీ వేసి వెళ్లాలి. ఆలివ్ కోతల కాలం, చెట్ల కింద వలలు పరిచి ఉన్నాయి. వాటిని తొక్కకూడదు.

ఒక చీలిక దగ్గర గుర్తు పలక విరిగిపోయి ఉంది. ఎడమకి వెళ్లాం. దారి సన్నబడి, ఒక గోడ దగ్గర ఆగిపోయింది. అక్కడ ఒక ముసలాయన సుత్తితో పని చేస్తున్నాడు. వర్షానికి గోడ పొట్ట ఉబ్బి కూలిందట. దారి చెప్పేముందు పని చూపించాడు. రాయిని అరచేతిలో తిప్పి తిప్పి, ఏ ముఖం బయటికి రావాలో చూసి, సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, సందులో కూర్చోబెట్టాడు. వెనకాల చిన్న రాళ్లు నింపాడు. ఆ సందుల్లోంచి నీళ్లు పోతాయి కాబట్టే గోడ నిలుస్తుంది, సిమెంటు పెడితే నీళ్లు ఆగి పగులుతుందని చెప్పాడు. ఈ పని చేసేవాళ్లని మార్జేర్లు అంటారు. రాతిగోడ కట్టే ఈ విద్యని స్పెయిన్‌తో సహా ఎనిమిది దేశాల పేరున యునెస్కో 2018లో గుర్తించింది. పని నేర్చినవాళ్లు కొద్దిమందే మిగిలారు.

చలికాలంలో కూడా జనం వస్తే బావుంటుందని ఒకావిడ అన్నదని ఆయనకి చెప్పాను. వెంటనే తల అడ్డంగా ఊపాడు. "ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా దీవి మీది. చలికాలం మాకు వదిలేయండి" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. ఆ తర్వాత మమ్మల్ని సరైన దారి దాకా నడిపించి, గేటు వేసి వెనక్కి వెళ్లాడు.

మిగతా నడక మెట్ల దారి, కింద సముద్రం. ఒక పాత ఇంటి ముందు బల్లలు వేసి గతో అమ్ముతున్నారు. మైదా లేకుండా బాదం పొడి, గుడ్లు, చక్కెరతో చేసిన కేకు. ఐదు యూరోలు. అక్క రెసిపీ అడిగి చేతి మీద రాసుకుంది.

అక్టోబర్ 25, శనివారం: సోయెర్

సోయెర్‌కి పాల్మా నుంచి 1912 నాటి చెక్క పెట్టెల రైలుంది. అందంగా ఉంటుంది, ఎక్కేది దాదాపు అంతా టూరిస్టులే, టికెట్టు బస్సుకి ఎన్నో రెట్లు. ఊరివాళ్లకి అరగంటలో సొరంగం గుండా వెళ్లే బస్సు చాలు. మేం కూడా బస్సే ఎక్కాం.

దానికి ముందు శనివారం బజారు. రామల్యెత్ టమాటాలు దారానికి గుత్తులుగా కట్టి అమ్ముతున్నారు. చల్లటి, గాలి ఆడే చోట వేలాడదీస్తే చలికాలమంతా నిలవ ఉంటాయట. అక్క ఒక గుత్తి కొంది, ఆరు యూరోలు. ఎలా కట్టాలో ఆ అమ్మేవాడు దారం విప్పి, మళ్లీ కట్టి చూపించాడు.

ఖర్చు లెక్క చూస్తే గది, ఓడ తీసేస్తే ఇద్దరికీ కలిపి రోజుకి అరవై యూరోలు దాటలేదు, బస్సులతో సహా. కారు తీసుకుని ఉంటే దాని అద్దె, పార్కింగ్‌కే అందులో ఎక్కువ భాగం అయ్యేది.

తిరుగు ఓడలో మొదలైన వాదన ఇంటికొచ్చాక కూడా తెగలేదు. ఈ ఫిబ్రవరిలో బాదం పూతకి మళ్లీ వెళ్దామని నా ఆలోచన. అక్క అప్పటిదాకా ఇక్కడే ఉంటుంది. బస్సులో కలిసినావిడ రమ్మంది, చలికాలంలో మూతపడని హోటళ్లు ఉంటే ఆవిడకి జీతం ఉంటుంది, పన్ను కూడా మనం కడతాం అన్నాను. అక్క ఒప్పుకోలేదు. "హోటల్ వేసవిలో సంపాదించినదాంట్లోంచే ఆవిడకి పన్నెండు నెలల జీతం ఇవ్వచ్చుగా. దానికి ఆ ముసలాయన చలికాలం ఎందుకు పోవాలి?" అంది. నా దగ్గర జవాబు లేదు, టికెట్లూ తీసుకోలేదు. వంటింటి కిటికీ దగ్గర కట్టిన టమాటాలు మాత్రం రోజుకి రెండు చొప్పున తగ్గుతున్నాయి. జర్మన్ రొట్టెలో ఉప్పుంటుంది కాబట్టి రుచి సరిగ్గా కుదరడం లేదని అక్క ఫిర్యాదు.